గట్టు సాలు

ద్వాలి కూతురు వనజ తెల్లవారీ తెల్లవారకముందే అడవి దారిన ఒక్కతే పోతోందట. అక్కడెవరో పిలగాడు కాచుకొని ఉంటాడట. అందుకే మధ్యాహ్నానికల్లా మనిషి వాలిపోతోందట. తండాలో పక్కింటి గోరి ఆటో ఎక్కుతూ నలుగురితో అన్న మాట ఇది. ఆటో రోడ్డంతా చుట్టి మిరపచేను చేరేసరికి అది ద్వాలి చెవిన పడింది.

ద్వాలి అంటే మిర్చి ఏరే పద్నాలుగు మంది ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. ఏ చేనికి పోయినా గట్టు పక్కనుండే మొదటి సాలు ఆమెదే. ముఠాలో ఎవరైనా వెనకబడితే, ముందుగా తమ సాలు ఏరి దించినవాళ్ళు ఆ సాలు అవతలి కొస నుంచి ఏరుకుంటూ ఎదురు వస్తారు. మామూలు కూలీకి అది సాయం. పెద్దకు మాత్రం తలవంపు. పెద్దకు ఎదురు రావలసి వచ్చిందంటే మర్నాటి నుంచి గట్టు సాలు ఇంకొకరిది, పెద్దరికమూ వాళ్ళదే. ఇరవై ఏళ్ళలో ద్వాలికి ఎదురు వచ్చిన మనిషి లేదు.

మధ్యాహ్నం అన్నం గిన్నెలు కడుగుతుండగానే వనజ గట్టు మీద తువ్వాలు పరిచి ఒరిగిపోయింది.

"చూడుండ్రి, ఇరవై ఏండ్ల పిల్ల!" అని గోరి నవ్వింది. "పొద్దుగాల నడక గట్టిగనే పడుతున్నట్టుంది."

ద్వాలికి ఒళ్ళు మండింది. అప్పుడే సిస్టర్ పుష్పలత కూలీలకు రక్తపరీక్ష చేయడానికి సంచితో గట్టెక్కింది. ద్వాలి కూతురి రెక్క పట్టి లేపి ఆమె ముందు కూర్చోబెట్టింది.

"సిస్టరమ్మా, దీన్ని చూడు. దీనికి రోగమన్న తేలాలె, లేకుంటే గోరి నోరన్న మూతపడాలె. రెండిట్ల ఒకటి ఇప్పుడే కావాలె."

పుష్పలత అడగవలసినవన్నీ అడిగింది. రాత్రి నిద్ర పడుతోంది. ఫోను తొమ్మిదింటికే పక్కన పెడుతుంది. అన్నం బాగానే తింటుంది. నెలసరి సరిగ్గానే వస్తోంది. మెడ తడిమితే వాపు లేదు. కింది రెప్ప లాగి చూస్తే ఎర్రగానే ఉంది. చివరికి వేలు పొడిచి చుక్క రక్తం మిషన్‌లో పెట్టింది.

"పన్నెండున్నర. మంచిగుంది. పిల్లకు ఏ లోపం కనబడతలేదు."

"రక్తం మంచిగుంటే ఇంకేముంది?" అంది గోరి. "రోగం అడవి దారిలనే ఉంది."

"ఆటో కుదుపులకు కడుపుల తిప్పుతదంట, అందుకే అడ్డదారిన నడిచొస్తదంట," ద్వాలి కూతురిని కొరకొరా చూసింది. "అన్ని సోమరి సాకులు. నన్ను చూడు సిస్టరమ్మా! నలభై మూడేండ్ల మనిషిని. ఇయ్యాలకు గూడ అందరికన్న ముందు సాలు దించేది నేనే."

"నీ సాలుకేందక్కా, ఏ చేనుల చూసినా ఆ కొసన కాయే ఉండదు," గోరి మూతి తిప్పింది.

"గట్టు పక్కది గద, చిలకలు తింటయి. తింటే నాదా తప్పు? సిస్టరమ్మా, నా రక్తం గూడ చూడు. చూస్తే దీనికి సిగ్గొస్తది."

ద్వాలి దర్జాగా వేలు చాపింది. పుష్పలత మిషన్ చూసి, ఇంకో వేలు పొడిచింది. మళ్ళీ అదే అంకె.

"ఆరు."

గోరి మిషన్ మీదికి వంగి చూసింది.

"అక్కా, గింత తక్కువ రక్తం ఉంటే నాలుగడుగులకే దమ్ము రావాలె. వస్తలేదా?"

"వస్తది. లేస్తే కండ్లు తిరుగుతయి, గుండె దడదడ కొట్టుకుంటది. అయితే ఏంది? సాలు దించుతున్న గద!"

"రేపే మనం ఖమ్మం దవాఖానాకు పోవాలె. అసలు నువ్వు నిలబడుడే గొప్ప." పుష్పలత తల్లినీ కూతురినీ మార్చి మార్చి చూసింది. "ఒకటే నాకు సమజైతలేదు. పన్నెండున్నర ఉన్న పిల్ల వాలిపోతుంది. ఆరు ఉన్న తల్లి అందరికన్న ముందుంటుంది. గిదెట్ల?"

"నువ్వు అడిగేది అడగవేంది సిస్టరమ్మా," గోరి ముందుకు జరిగింది. "చెప్పవే వనజా, అందరి ముంగట చెప్పు. తెల్లారకముందు ఎవల కోసం వస్తున్నవ్?"

తల్లి చేతిని వనజ తన ఒళ్ళోకి తీసుకుంది. తలెత్తి గోరి కళ్ళలోకి సూటిగా చూసింది.

"గట్టు సాలుకు ఆ కొస నుంచి రోజూ ఎదురొస్తున్న చిలకను నేనే, చిన్నమ్మా."