వేపచెట్టు చీర

"నా గుడ్డ ఇంత తెల్లగా ఎలా ఉంది?" వేపచెట్టు ముందు నిలబడి సుజిత అరిచినంత పని చేసింది.

వానలకు ముందు ఆ గుడ్డను చెట్టుకు చుట్టి వెళ్లింది తనే. ఎండా వానా బెరడూ కలిసి దానిమీద వేసే మరకలే తన బొమ్మ. రేపే ప్రదర్శన.

"వారం వారం ఉతికినా గదమ్మా," అంది ఎదురింటి గోవిందమ్మ. "పురసవాక్కం వీధిలో ఇంతమందిమి ఉండి, అమ్మవారికి మాసిన చీరా?"

"అమ్మవారేంటి పెద్దమ్మా? అది ఆర్ట్!"

"వేపచెట్టుకు చీర కట్టినాక అమ్మవారు గాకుండా ఇంకెవురంట? కట్టింది నువ్వే గదా! నీ గుడ్డ పల్చన. వానలో తల్లికి చలేస్తాదని అడుగున నా పాత చీర చుట్టినా. దాన్ని మాత్రం విప్పలా."

సుజిత గుడ్డ అంచు ఎత్తి చూసింది. లోపలి చీర నిండా బెరడు గీతలు, జిగురు చుక్కలు, వాన చారలు. తను కోరుకున్న బొమ్మ అదే.

"పెద్దమ్మా, ఈ చీర నాకిస్తారా?"

"సరి, తీసుకపో. అయినా ఇంత మాసిందాన్ని ఎట్టా ఇచ్చేది? ఉండు, సబ్బు పెట్టి తెస్తా." గోవిందమ్మ ముడి విప్పబోయింది.

సుజిత ఒక్క ఉదుటున చెట్టును వాటేసుకుంది.

గోవిందమ్మ రెండు చేతులూ జోడించింది. "తల్లీ! ఇప్పటికొచ్చింది దీనికి భక్తి."