కొండ మీది దొర

"ఈ దోవన పోవాకండప్పా. దొర ఉండాడు."

మబ్బులోంచి మాట ముందు వచ్చింది. మనిషి తర్వాత కనిపించాడు. మాసిన కంబళి కప్పుకుని, చేతిలో వెదురు కట్టెతో మలుపులో రాతి మీద కూర్చుని ఉన్నాడు.

జీవానందం ముఖం విప్పారింది.

అతను మదనపల్లె మిషన్ ఆసుపత్రి డాక్టరు దొర ఇంట్లో వంటవాడు. పొద్దున్నుంచి చెల్లెలు విక్టోరియాను వెంటబెట్టుకుని మబ్బుకొండ ఎక్కుతున్నది అడవి ఆఫీసరు దొర కోసమే. విక్టోరియా మొగుడు పాల్ గంధపు చెట్టు నరికాడని పట్టుకుపోయి లాకప్పులో వేశారు. అసలే యుద్ధం రోజులు, పేదవాడి గోడు వినే నాథుడు లేడు. రేపు కోర్టు. ఈలోగా దొర ఒక్క మాట చెబితే పాల్ ఇంటికి వస్తాడు, లేకుంటే జైలుకు పోతాడు.

ఆ కొండ మీద ఏడాది పొడుగునా మబ్బు దిగే ఉంటుంది. పాచి పట్టిన కొమ్మలు మిట్టమధ్యాహ్నం కూడా నీళ్లు కారుస్తుంటాయి. ఆ రోజు పిట్ట కూత కూడా వినపడలేదు. విక్టోరియాకు అడవిలో అడుగుపెట్టినప్పటి నుంచీ భయంగానే ఉంది.

దొర ఎక్కడున్నాడని జీవానందం అడిగాడు.

"ఆ పెద్ద బండ మింద పండుకోనుండాడు. కడుపు నిండా తిన్నాడు. లేసి పొయ్యేదాకా ఈడ్నే కూసోండి."

జీవానందం నవ్వుకున్నాడు. తిన్నాక కునుకు తీయని దొరను అతను ఇంతవరకు చూడలేదు. షికారుకొస్తే వాళ్లు బండ మీదైనా పడుకుంటారు. దొరల సంగతి తనకు చెప్పొచ్చాడు ఈ కంబళివాడు! లేచేసరికి ఎదురుగా నిలబడితే పని సులువవుతుంది. పైగా సంచిలో తాను చేసిన కేకు కూడా ఉంది.

విక్టోరియా మాత్రం, దొర మంచివాడేనా అని భయంభయంగా ఆ మనిషినే అడిగింది.

"పోయిన ఎండాకాలం నా పెండ్లాన్ని ఎత్తుకపోయినాడమ్మా."

విక్టోరియా సిగ్గుతో తల దించుకుంది. జీవానందానికి ఒళ్లు మండింది. తాను ఉప్పు తింటున్న దొరల మీద ఇంత మాటా? వీడికి పిచ్చి అని తేల్చేసి ముందుకు నడిచాడు.

ఆ మనిషి లేచి వచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు. ఆడమనిషిని పెట్టుకుని అటు పోవద్దని దణ్ణం పెట్టి బతిమాలాడు.

"మా పని దొరతో. నీతో కాదు," అన్నాడు జీవానందం, అతని చేయి తోసేస్తూ.

ఆ మనిషి విక్టోరియా వైపు కాసేపు చూశాడు.

"అట్లయితే నేను ముందర పోతా. కట్టె సప్పుడు ఇనుకుంటా రాండి. సప్పుడు నిలిస్తే మీరూ నిలవండి."

మబ్బులో కలిసిపోయాడు. రాళ్ల మీద కట్టె చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంది. బండ దగ్గరికి వచ్చేసరికి అదీ ఆగిపోయింది.

విక్టోరియా నిలబడిపోయింది. వాడు దొరను చూసి జడుసుకుని పారిపోయి ఉంటాడని చెప్పి జీవానందం ఆమెను చేయి పట్టి లాక్కుపోయాడు. బండ మీద ఎవరూ లేరు. దారిలో వెదురు కట్టె పడి ఉంటే కాలితో పక్కకు నెట్టి నడిచాడు.

దొర బంగళా వరండాలో కాఫీ తాగుతూ కనిపించాడు. వచ్చీరాని తెలుగులోనే అంతా విని, దిగులు పడొద్దన్నాడు. పాల్ నరకలేదని నిన్ననే తెలిసిందట. నరికినవాళ్లను కళ్లారా చూసిన గొర్రెల కాపరి ఒకడున్నాడు. రేపు కోర్టుకు వచ్చి చెబుతానన్నాడు. అతని మాట ఒక్కటి చాలు, పాల్ బయటికి వచ్చేస్తాడు.

విక్టోరియా సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

జీవానందం కేకు ముక్కలు కోసి, బంగళా కావలివాడు మునెప్పకూ ఒకటి పెట్టాడు. పెడుతూ, దారిలో కలిసిన పిచ్చివాడు దొర గురించి ఏమేం కూశాడో గుసగుసగా చెప్పి నవ్వాడు.

మునెప్ప నవ్వలేదు. దొర జ్వరంతో పడుకుని నిన్నటి నుంచి బంగళా దాటలేదన్నాడు.

"ఈ కొండ మింద పులి పేరు ఎత్తమప్పా. దొర అంటాము."

కట్టె చప్పుడు ఎక్కడ ఆగిపోయిందో విక్టోరియానే చెప్పింది.

మునెప్ప గోడకున్న తుపాకి అందుకుని మెట్లు దిగాడు. దిగి, ఆమె ముఖం చూడలేక మబ్బు వైపు తిరిగి నిలబడ్డాడు.

"రేపు కోర్టులో మీ ఆయన కోసరం సెప్పాల్సినోడు మీకు దోవలో కలిసిన ఆ శంకరప్పేనమ్మా."