మొక్కులో లేనిది

బంగారు ఉంగరానికి అంటిన పరమాన్నం ఇంకాస్తలో చంటాడి పెదవులకు తగులుతుందనగా, కమల పున్నమ్మ చెయ్యి పట్టుకుంది.

"వద్దు పెద్దమ్మగారూ. పాలు వేసింది వాడికి పెట్టకండి."

పీటల చుట్టూ చేరిన చుట్టాలంతా ఇటు తిరిగారు. పున్నమ్మంటే కమల మామగారికి అక్క, ఆ ఇంటి పెద్ద ఆడపడుచు. ముసునూరులో ఆవిడ మాటకు అడ్డు చెప్పినవాళ్ళే లేరు, చెయ్యి పట్టుకోవడం కూడానా!

"అన్నప్రాసన నాడు పరమాన్నం వద్దంటావా? ఇదెక్కడి చోద్యమే!"

"వాడికి పడదండీ. పాలచుక్క లోపలికి పోతే చాలు, వాంతులు, విరేచనంలో నెత్తురు. పాలు, పెరుగు, నెయ్యి, సోయా ఏవీ తగలకూడదని బెజవాడ డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నా చన్నుపాల్లోంచి కూడా వాడికి తగులుతుందని నేను కాఫీ సైతం మానేశాను."

"డాక్టరు చెప్పాడంట! నేను పిల్లల్ని కనలేదా, పెంచలేదా? ఇన్ని గేదెలున్న ఇంట్లో పుట్టి పాలు పడకపోవడమేంటి?"

కమల మొగుడి వైపు చూసింది. ప్రభాకరరావు గుమ్మానికి కట్టిన మామిడాకులను అదే మొదటిసారి చూస్తున్నట్టు శ్రద్ధగా చూస్తున్నాడు. ఇక ఆయనతో లాభం లేదు. డాక్టరు మాట చెల్లని ఇంట్లో చెల్లే మాట ఒక్కటే ఉంది. కమల దాన్నే అందుకుంది.

"మొక్కుకున్నానండీ, చిన్న తిరుపతి వెంకన్నకి. పుట్టువెంట్రుకలు ఇచ్చేదాకా పాలు, పెరుగు, నెయ్యి వీడి నోట పెట్టనని."

ఆమె ఏ దేవుడికీ మొక్కలేదు. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడటం పాపమని ఆమెకు తెలుసు. కానీ నెత్తుటి జీరలున్న పొత్తిగుడ్డ కళ్ళ ముందు మెదిలింది. ఆ పాపమేదో నా నెత్తినే పడనీ, వీడి కడుపు చల్లగా ఉంటే చాలు, అనుకుంది.

పున్నమ్మ చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. ఆవిడ గబగబా లెంపలేసుకుంది.

"ముందే చెప్పొద్దుటే? ఎంత అపచారం జరిగిపోయేది!"

కమల తను తయారుచేసుకున్న గిన్నె ముందుకు జరిపింది. మెత్తగా ఉడికించి మెదిపిన అన్నం, కాస్త బెల్లం, పెరట్లో చెట్టున పండిన చిన్నరసాల మామిడిపళ్ళ రసం. వాసనకే చంటాడు చేతులాడించాడు.

"ఆగమ్మా!" అన్నారు మామగారు బసవపున్నారావు. "నీళ్ళలో ఉడికించిన అన్నంతో నా మనవడికి అన్నప్రాసనా? నలుగురూ నవ్వరూ? మొక్కు పాలు వద్దంది గానీ సోయా వద్దనలేదుగా! బెజవాడ నుంచి తెప్పించిన సోయాపాల డబ్బా అల్మరాలో అలాగే ఉంది. దాంతో వండించండి పరమాన్నం."

"అది కూడా పడదండీ మావయ్యగారూ. పోయిన నెల పట్టినప్పుడు చూశారుగా!"

"అది పళ్ళొచ్చే విరేచనం. మొక్కులో ఉందా లేదా, అది చెప్పు."

మొక్కులో ఏమేం ఉన్నాయో అందరూ వింటుండగా కమల తనే వరసపెట్టి చెప్పింది. ఇప్పుడు సోయా కలిపితే అతికించినట్టు ఇట్టే తెలిసిపోతుంది. ఆమె చంటాణ్ణి ఒళ్ళోంచి తీసి భుజాన వేసుకుంది.

"మొక్కులో లేకపోయినా పెట్టనివ్వను. మీరు ఇంట్లోంచి పొమ్మన్నా సరే."

పెద్దవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. పున్నమ్మ కళ్ళు చిన్నవి చేసింది.

"అసలు మొక్కంటూ ఉందా అమ్మాయ్? ఎప్పుడు మొక్కావు? ఎవరెరుగుదురు?"

బసవపున్నారావు వంటింటి గుమ్మం వైపు తిరిగారు. అక్కడ పరమాన్నం గిన్నె పట్టుకుని, ఇంతసేపూ అంతా వింటూ నిలబడి ఉంది ఆయన భార్య నాగేంద్రమ్మ.

"నాగేంద్రం, నువ్వు చెప్పు. ఈ మొక్కు సంగతి నీకు తెలుసా?"

ఒకసారి ఉత్తుత్తి ఒట్టు వేసినందుకు కన్నకొడుకుతోనే మాట్లాడ్డం మానేసిన మనిషి అత్తగారు. దేవుడి విషయంలో ఆ ఇంట్లో ఆవిడ మాటే ఆఖరు. ఇక అంతా అయిపోయిందనుకుని కమల చంటాణ్ణి ఇంకా గట్టిగా అదుముకుంది.

నాగేంద్రమ్మ మనవడి వైపు చూసింది. కోడలి వైపు చూసింది. గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"తెలియకపోవడమేంటండీ, పక్కనుండి మొక్కించిందే నేనైతే! పాలు, పెరుగు, నెయ్యి, సోయా. కంగారులో పిచ్చిపిల్ల ఆఖరిది మర్చిపోయింది."