పాకలోని దూలం

చర్చి గంటగోపురం మీద తెల్ల పావురాలే కూర్చునేవి. ఓ ఆదివారం పొద్దున ఒక కాకి పాటలు వినాలని వచ్చి అక్కడ వాలింది.

“నల్లవాళ్లు ప్రహరీగోడ మీద కూర్చోవాలి,” అంది కుర్ర పావురం.

ముసలి పావురం సువార్తమ్మకు పాత చర్చి గుర్తొచ్చింది. అది తాటాకుల పాక, దానికి ఉన్నదొక్కటే దూలం. పావురాలు, కాకులు, గోరింకలు అన్నీ దానిమీదే సర్దుకునేవి. వానాకాలంలో తనకు తగిలే వెచ్చదనం ఏ రంగు రెక్కదో ఆమె ఎన్నడూ చూసుకోలేదు.

చిన్నబోయిన కాకి గోడవైపు కదులుతూ “కావ్” అంది.

“పాటల మధ్య ఈ అరుపొకటి,” విసుక్కుంది కుర్రది.

“కాకి అరిచిందంటే చుట్టాలొచ్చినట్టే కదే,” అంది సువార్తమ్మ, రెక్కలు ముడుచుకుని పక్కకు జరుగుతూ. “ఇంటికొచ్చిన చుట్టాన్ని గోడ మీద కూర్చోబెడతామా?”