లైమ్‌లైట్

నాటకం మధ్యలో చెల్లెలు మాట మరిచిపోయి బొమ్మలా నిలబడిపోయింది. అదే ఆమె తొలి వేషం. నిచ్చెన మీద కూర్చుని లైటు తిప్పేది ఆమె అన్నే.

"లైటు ఆ పిల్ల మీదే ఉంచరా," కిందనుంచి నాటక కంపెనీ ఓనరు బుసకొట్టాడు. "లైమ్‌లైట్ అంటే అదే. తట్టుకుంటే స్టారు, లేదంటే రేపట్నుంచి ఇంట్లో కూర్చోడమే."

"లైటు కాదు బాబూ, పెనం. పిల్ల మాడిపోతోంది."

అన్న లైటుని గిర్రున ఖాళీ గుమ్మం మీదికి తిప్పేశాడు. ఎవరొస్తున్నారోనని జనం తలలన్నీ అటు తిరిగితే, హాలు గోడలు కూడా కాస్త అటే ఒరిగాయి.

చూపులు తప్పుకోగానే చీకట్లోంచి చెల్లెలి గొంతు లేచింది. మరిచిన మాటే, తడబాటు లేకుండా. హాలంతా చెవులొగ్గింది.

అన్న లైటు వెనక్కి తిప్పబోయాడు. ఓనరు అతని కాలు పట్టుకుని ఆపాడు.

"ఉండరా. అలాగే చెప్పనీ."