నూకరత్నం ముక్కు

పుట్టగొడుగుల షెడ్డులో పులియబెట్టిన గడ్డికుప్పను తిరగేసినప్పుడల్లా అమ్మోనియా ఘాటు పోయిందో లేదో వాసన చూసి చెప్పడం నూకరత్నం పని. ఘాటు ఉండగానే సంచుల్లో నింపితే పుట్టగొడుగు విత్తనం చస్తుంది. అందుకే ఉద్యోగంలో చేరిన రోజే ఆమె ముక్కుకు ఆపరేషన్ చేసి, ఆ ఒక్క వాసన తప్ప మరేదీ తెలియకుండా చేశారు. ఇప్పుడు అన్ని షెడ్లలోనూ అంతే.

కాన్పు సెలవులో బిడ్డ నడినెత్తి వాసన చూసింది. మెడ, చంకలు, అరికాళ్లు కూడా చూసింది. ఏ వాసనా లేదు.

ఓ మధ్యాహ్నం బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తొడలు ఎర్రగా ఒరుసుకుపోయాయి.

"ఏటే, పొద్దున్న ఉచ్చతో తడిపిన గుడ్డ ఇంకా మార్చలేదేటే? ఘాటు కొడతంది!" అత్త అరిచింది.

"ఉండత్తా," అంటూ నూకరత్నం ఆ తడిగుడ్డతోనే బిడ్డను ముఖానికి హత్తుకుంది. "ఇప్పుడిప్పుడే వస్తంది, నా కొడుకు వాసన."