మలుపు దగ్గరి ముసలమ్మ

నెత్సాయి మోకాళ్లు వంచి, దొప్ప చేసిన అరచేతులతో మెల్లగా చప్పట్లు తట్టి పలకరించింది.

మలుపులో బోరింగు పక్కన కూర్చున్న ముసలమ్మ తల తిప్పలేదు. దారికి ఆమె వీపే కనిపిస్తోంది. ఒళ్లో చాట, చాటలో వేరుశనగకాయలు.

"చూశావా అక్కా, పెద్దదానికి మనం దండం పెడితే పలకను కూడా పలకదు," అంది షువాయి గొంతు తగ్గించి. "మన పేర్లు మనసులో రాసుకుంటోంది."

షువాయి నెత్సాయికి సవతి, పన్నెండేళ్లు చిన్నది. నాలుగడుగులు వడిగా వేస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి.

ఆ మలుపున దారి రెండుగా చీలుతుంది. ఒకటి అడవికి, రెండోది ఆసుపత్రికి. వీళ్లది తెల్లంగీలు తొడుక్కునే క్రైస్తవ సంఘం; అందులో మందు ముట్టడమంటే దేవుణ్ణి నమ్మకపోవడం. ముట్టిన ఆడదాన్ని మొగుడు పుట్టింటికి తరిమేయవచ్చు. అందుచేత, జబ్బు దేశమంతా పాకిన ఆ ఏడాది, నర్సు మకోని ప్రతి మంగళవారం ఆసుపత్రి వెనుక తలుపు తెరిచి ఉంచేది. కట్టెలకని బయలుదేరిన స్త్రీలు టీకా సూది వేయించుకుని, మోపుతో ఇల్లు చేరేవారు.

ఆ సంగతి సంఘపెద్దల చెవిన పడింది. బుహేరా జిల్లా వైపు నుంచి వచ్చిన ఈ ముసలమ్మను మలుపున కాపలా పెట్టారు.

"నేను దాని వెనక నుంచే వెళ్లొచ్చానుగా," అంది నెత్సాయి. "ఏమైంది నాకు?"

"ఇంకా ఏమీ కాలేదు. అన్నీ పోగుచేసి ఒకేసారి చెబుతుంది. అదక్కడ ఉన్నన్నాళ్లూ నేను రాను."

"ఆ జబ్బు తగిలితే ఊపిరాడక పోతావే పిచ్చిదానా!"

"పోతే దేవుడి దగ్గరికి పోతాను. మొగుడు తరిమితే ఎక్కడికి పోను?"

ముతారే పట్టణంలో సగం మందికి సూదులు పడ్డాయట. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పదకొండు మందికే.

"మీ జనం మొండివాళ్లా అని పైవాళ్లు అడుగుతున్నారు," అంది నర్సు ఒకనాడు. "మొండివాళ్లు కాదు, దారి లేనివాళ్లు అని రాద్దామంటే ఆ కాగితంలో గడి లేదు."

నెత్సాయి ఆ మాటే ఆలోచించింది. ముసలమ్మ లేకపోతే దారి ఉంటుంది. దారి ఉంటే షువాయి కదులుతుంది.

శుక్రవారం ప్రార్థన ముగిశాక సంఘపెద్ద ఎనోకు ముందు మోకరిల్లింది.

"పెద్దయ్యా, ఆ అవ్వ కాపలా కాయడం లేదు. దారికి వీపు పెట్టి కునికిపాట్లు పడుతోంది. ఏనుగు పోయినా దానికి తెలియదు."

"ఎవరినీ చూడలేదని వారం వారం మన సంఘం ప్రవక్త ముందు ప్రమాణం చేస్తోందే!"

"అటు తిరిగితే కదా, కనబడడానికి."

ఎనోకు గడ్డం నిమురుకున్నాడు. "మంచి మాట చెప్పావు, తల్లీ."

మర్నాడే ముసలమ్మ మూట కట్టుకుంది. బస్సుకు వెళుతూ నెత్సాయి వాకిట ఆగింది.

"ఇకనుంచి చూసుకుని నడువు, కోడలా."

"బెదిరిస్తున్నావా, అవ్వా?"

ఆమె మూట నెత్తికెత్తుకుని సాగిపోయింది.

"పీడ విరగడైంది," అంది షువాయి.

మంగళవారం ఇద్దరూ కట్టెల తాళ్లు భుజాన వేసుకుని బయలుదేరారు. మలుపున సంఘం యువకులు ఇద్దరు, పొడవాటి కర్రలతో, దారికి ఎదురుగా నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి, వదినా?"

"కట్టెలకి."

"కట్టెలు ఆ పక్కన. ఈ పక్క ఏం కాస్తాయి, సూదులా?"

ఆ మంగళవారం గాని, ఆ పై మంగళవారాల్లో గాని వెనుక తలుపుకు ఎవరూ రాలేదు.

నాలుగో వారంలో షువాయికి జ్వరం తగిలింది. ఆరో రోజున నెత్సాయి మొగుడి మాటకు ఆగకుండా, ఆమెను ఎద్దుబండి మీద పడుకోబెట్టి, కర్రలవాళ్ల మధ్య నుంచే తోలుకుపోయింది.

మధ్యాహ్నానికి పిల్లికూతలు ఆగిపోయాయి.

నర్సు దుప్పటి ముఖం మీదికి లాగింది. "ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"ఆ ముసల్దాని భయానికే ఇది కదల్లేదు, సిస్టర్. దాన్ని పంపించేస్తే వీళ్లు దాపురించారు."

"పంపించేస్తే? ఆమె తనంతట వెళ్లిపోయిందనుకున్నానే. ఎవరు పంపించారు?"

నెత్సాయి చెప్పింది.

నర్సు మంచం అంచున కూర్చుంది.

"ప్రమాణం చేసి అబద్ధమాడే మనిషి కాదు ఆమె," అంది. "చూస్తే చెప్పాలి. అందుకని చూసేది కాదు."

"నీకెలా తెలుసు?"

"తనే చెప్పింది. మీకు చెప్పనివ్వలేదు. ఒక్క నోరు జారినా దారి మూసుకుపోతుందంది."

నెత్సాయి గోడకు ఆనుకుంది. "పెద్దలు కూర్చోబెట్టారు గదా ఆమెను!"

"కూర్చుంటానని వాళ్లను అడిగింది ఆమే. బుహేరాలో ఆమె కాపలా కాసిన మూడు ఊళ్లలో, తెల్లంగీల ఆడవాళ్లలో సూది పడనివాళ్లు ఒక్కరూ లేరు."